ఇంట్లో బాగుచేసుకోవడానికి పాత ఎంజీబీ ఎలా ఉంటుంది? కొనేముందు ఇంజిన్ కాదు, తలుపు కింద రేకు చూడండి

ముందే తేల్చి చెప్పేస్తాను. పాత స్పోర్ట్స్ కారు ఒకటి కొని, ఇంటి గ్యారేజీలో శని, ఆదివారాల్లో సొంత చేతులతో బాగుచేసుకోవాలనే ఆశ ఉన్నవాళ్లకి ఎంజీబీని మించిన కారు లేదని నా గట్టి అభిప్రాయం. ఇంజిన్‌కి పదికి పది ఇస్తాను. విడిభాగాలు దొరకడంలో కూడా పదికి పదే, కానీ ఆ దొరికేవాటి నాణ్యతకి ఆరు మించి ఇవ్వలేను. బాడీకి మార్కులు వేయడం కుదరదు, అది మీ ముందున్న కారుని బట్టి ఉంటుంది, ఎందుకంటే ఈ కారు మీద పోయే డబ్బులో పెద్ద వాటా తుప్పు దగ్గరే పోతుంది. కారు చూడ్డానికి వెళ్లినవాళ్లు చాలామంది బానెట్ ఎత్తి, స్టార్ట్ చేయించి, ఇంజిన్ శబ్దం విని తల ఊపుతారు. ఇంజిన్ ఎంత పాడైనా మన చేతిలో ఉన్న పనే. మోకాళ్ల మీద కూర్చుని తలుపు కింద రేకు చూడండి, కొనాలా వద్దా అన్నది అక్కడే తేలిపోతుంది.

మనవైపు ఇప్పుడు ఎంజీ అంటే హెక్టర్ గుర్తొస్తుంది. ఆ బ్యాడ్జీ అసలు ఆక్స్‌ఫర్డ్‌లోని మోరిస్ గ్యారేజెస్‌ది, ఇప్పుడు చైనా కంపెనీ సైక్ చేతిలో ఉంది. ఎంజీబీ మాత్రం 1962 నుంచి 1980 దాకా ఆక్స్‌ఫర్డ్ దగ్గరున్న అబింగ్డన్ అనే చిన్న ఊళ్లో తయారైంది. అన్ని రకాలూ కలిపి ఐదు లక్షలకు పైగా చేశారు, వాటిలో చాలా భాగం అమెరికాకే వెళ్లాయి. టాప్ తీసేసి తిరిగే రోడ్‌స్టర్ ఒకటి, 1965లో వచ్చిన జీటీ ఒకటి. జీటీకి రేకు టాప్, వెనక ఎత్తే తలుపు ఉంటాయి, ఆ టాప్ డిజైన్‌లో ఇటలీ వాళ్లు పినిన్‌ఫరీనా చెయ్యి ఉంది. నా దగ్గరున్నది 1971 రోడ్‌స్టర్. ఉద్యోగం కోసం ఇంగ్లండ్ వచ్చి ఇక్కడే ఉండిపోయాక కొన్నాను, కాబట్టి కింద చెప్పేవన్నీ ఈ దేశపు వాన, చలికాలంలో రోడ్ల మీద చల్లే ఉప్పు, ఇక్కడి చట్టాలు దృష్టిలో పెట్టుకుని చెప్పేవి.

అంబాసిడర్ ఎక్కి తిరిగిన తరం వాళ్లకి ఇంకో సంగతి చెప్పాలి. అంబాసిడర్‌లో 1959 నుంచి వచ్చిన 1,489 సీసీ పెట్రోల్ ఇంజిన్, ఎంజీబీలో ఉన్న 1,798 సీసీ ఇంజిన్, రెండూ బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) వాళ్ల బి-సిరీస్ కుటుంబమే. మా నాన్నగారికి వీడియో కాల్‌లో బానెట్ ఎత్తి చూపిస్తే, "ఇదేంట్రా, మన అంబాసిడర్ ఇంజినేగా, దీనికోసం అంత దూరం వెళ్లి ఇన్ని డబ్బులు పోశావా?" అన్నారు. అన్నారు గానీ ఆ తర్వాత అరగంట ఫోన్ పెట్టనివ్వలేదు, ట్యాపెట్లు ఎంత గ్యాప్ పెట్టావు, ఆయిల్ ఏం పోస్తున్నావు అని ఒకటే ప్రశ్నలు.

ఇక బాడీ. దీనికంటే ముందు వచ్చిన ఎంజీఏకి అడుగున విడిగా ఛాసిస్ ఉండేది, బాడీ పుచ్చిపోయినా ఛాసిస్ కారుని మోసేది. ఎంజీబీకి అది లేదు, బాడీయే ఛాసిస్. ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ మధ్య ఉన్న బరువంతా తలుపుల కింద పొడవుగా పోయే రేకు పెట్టెల మీద పడుతుంది, వాటినే ఇక్కడ సిల్స్ అంటారు. రోడ్‌స్టర్‌కి టాప్ కూడా లేదు కాబట్టి మరీను. బయటికి కనబడే సిల్ రేకు ఒక్కటే అనుకోవద్దు. దాని వెనక మధ్యలో నిలువుగా ఇంకో రేకు, లోపలివైపు ఫ్లోర్‌ని అంటుకుని ఒకటి, కింద కాజిల్ రైల్ అని పిలిచే మడత రేకు, ఇవన్నీ కలిసి పెట్టె అవుతాయి. ముందు చక్రం వెనక ఒక చిన్న అడ్డురేకు, దాని అంచున రబ్బరు ఉంటుంది. ఆ రబ్బరు పాతబడి రాలిపోతే చక్రం చిమ్మిన బురద లోపలికి వెళ్లి ముద్దగా పేరుకుంటుంది, ఏడాది పొడవునా తడి ఆరదు, ఆ తడిలో ఉప్పు కూడా ఉంటుంది. అలా రేకు లోపల్నుంచి తినుకుంటూ వస్తుంది, బయట పెయింట్ మీద ఒక బుడగ కనబడే సరికి లోపల జల్లెడ అయిపోయి ఉంటుంది.

పరీక్ష చేయడం కష్టం కాదు. ముందు వింగ్ (చక్రం మీది మడ్‌గార్డు రేకు) కింది అంచు సిల్‌ని కలిసేచోట అతుకు గీత కనబడాలి. అక్కడ నున్నగా గీతే లేకుండా ఉందంటే ఎవరో పుట్టీ పెట్టి మూసేశారు, లేదా పుచ్చిన సిల్ మీదే ఇంకో రేకు తొడిగేశారు. అయస్కాంతం తీసుకెళ్లి సిల్ పొడవునా జరపండి, పుట్టీ మందంగా ఉన్నచోట పట్టుకోదు. తర్వాత యజమాని అనుమతి తీసుకుని, సిల్ మధ్యలో ఉండే జాకీ పాయింట్ దగ్గర కారుని మెల్లగా ఎత్తి, తలుపు తెరిచి మూసి చూడండి. గట్టి కారైతే తలుపు ఎప్పటిలాగే మూసుకుంటుంది. తలుపు పైన సందు మారిపోయి, మూసుకోవడానికి మొరాయిస్తే బాడీ నడుము వంగుతోందని అర్థం. జాకీ పాయింటే కరకరలాడుతూ లోపలికి పోతే ఇంకేం చూడక్కర్లేదు, దండం పెట్టి వచ్చేయండి. అమ్మేవాళ్లు జాకీ పెట్టనివ్వం అంటే కూడా అంతే. సీట్ల వెనక ఫ్లోర్‌లో బ్యాటరీల పెట్టెలుంటాయి (1974 దాకా రెండు 6 వోల్టుల బ్యాటరీలు), ఆ పెట్టెల అడుగు, ముందు వింగ్ పైభాగం విండ్‌షీల్డ్ మూల దగ్గర, వెనక చక్రం ముందున్న కింది మూల కూడా చూడాలి.

సిల్స్ మార్చడం ఇంట్లో చేయొచ్చా అని అడుగుతారు. వెల్డింగ్ బాగా వచ్చినవాళ్లు చేస్తారు, నేను మాత్రం ఆ ఒక్క పనీ మా ఊరి వెల్డర్‌కి ఇచ్చాను, దానికి ఒక్క పైసా కూడా ఎక్కువ ఇచ్చానని అనిపించలేదు. ఆయన పద్ధతి దగ్గరుండి చూశాను. ముందు తలుపు ఖాళీలో అడ్డంగా ఇనుప గొట్టాలు బిగించాడు, పాత సిల్ కోసేశాక బాడీ వంగిపోకుండా. రెండు వైపులా ఒకేసారి కోయలేదు, ఒక వైపు మొత్తం పూర్తయ్యాకే రెండో వైపు ముట్టుకున్నాడు. సిల్ ముందు భాగం వింగ్ లోపలికి వెళ్తుంది కాబట్టి వింగ్ విప్పాడు, ముందు వింగులు బోల్టులతో బిగించినవే, వెనకవి వెల్డింగ్. కొత్త సిల్‌కి అక్కడక్కడ చుక్క వెల్డింగ్ పెట్టి, అడ్డు గొట్టాలు విప్పి, తలుపు బిగించి మూసి, సందు పొడవునా వేలు జరిపి, మళ్లీ విప్పి ఒక చుక్క తెంపి, ఒక వెంట్రుకవాసి జరిపి, మళ్లీ మూసి చూసి, ఆ తర్వాతే పూర్తి వెల్డింగ్ మొదలుపెట్టాడు. ఈ తలుపు మూసి చూడ్డం అనే పని చేయకుండా సిల్ వేసిన కార్లు నేను చూశాను, జీవితాంతం వాటి తలుపు పైకెత్తి మూయాల్సిందే. మీరు ఎవరికి పని ఇచ్చినా ఈ ఒక్క ప్రశ్న అడగండి: తలుపు ఎప్పుడు బిగిస్తారు? అంతా అయ్యాక అంటే వేరేవాళ్లని చూసుకోండి. వెల్డింగ్ అయిపోయాక సిల్ లోపలికి మైనం స్ప్రే చేయించడం మర్చిపోవద్దు.

బాడీ మరీ పోయిందంటే ఇంకో దారి ఉంది, ఇది చాలా పాత కార్లకి దొరకని అదృష్టం. బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ అనే సంస్థ అసలు ఫ్యాక్టరీ అచ్చుల్ని వెతికి పట్టుకుని 1988లో ఎంజీబీ బాడీ మొత్తాన్ని కొత్తగా తయారుచేయడం మొదలుపెట్టింది. అంటే పాత కారు ఇంజిన్, గేర్‌బాక్స్, సీట్లు అన్నీ తీసి కొత్త బాడీలో పెట్టుకోవచ్చు. ఖరీదు ఎక్కువే. కానీ నాలుగు చోట్ల పుచ్చిన బాడీకి అతుకులు వేయించి, రంగు వేయించి, రెండేళ్లకి మళ్లీ బుడగలు చూసి బాధపడేవాళ్ల లెక్క తీస్తే ఇదంత దుబారా కాదు.

ఇప్పుడు నాకిష్టమైన భాగానికి వస్తాను, ఇంజిన్‌కి. పోత ఇనుము బ్లాక్, నాలుగు సిలిండర్లు, ఎనిమిది వాల్వులు, కంప్యూటర్ లేదు, సెన్సర్ లేదు. 1964 చివర్లో క్రాంక్ షాఫ్ట్‌కి మూడు బేరింగులు కాస్తా ఐదయ్యాయి, అప్పట్నుంచి ఇంకా మొండిది. ఆరోగ్యం చూడాలంటే ఆయిల్ ప్రెషర్ గేజ్ చాలు, అది డాష్‌బోర్డులోనే ఉంటుంది: ఇంజిన్ బాగా వేడెక్కి రోడ్డు మీద పరిగెడుతున్నప్పుడు 50 నుంచి 80 పీఎస్ఐ చూపించాలి, ఆగి ఉన్నప్పుడు 10 నుంచి 25 దాకా పడిపోయినా కంగారు పడక్కర్లేదు. ట్యాపెట్ సర్దడం, అంటే వాల్వుకీ దాన్ని నొక్కే రాకర్‌కీ మధ్య సందు సరిచేయడం, పిల్లలకి కూడా నేర్పించొచ్చు. పైన రెండు నట్లు విప్పితే రాకర్ కవర్ (ఇంజిన్ పై మూత) వచ్చేస్తుంది. ఎనిమిదో వాల్వు పూర్తిగా నొక్కుకుని ఉన్నప్పుడు ఒకటోది సర్దాలి, ఏడోది నొక్కుకుంటే రెండోది, ఆరోదానికి మూడోది, అంటే రెండూ కలిపితే ఎప్పుడూ తొమ్మిది రావాలి. నా కారుకి చల్లగా ఉన్నప్పుడు గ్యాప్ 0.015 అంగుళం. ఫీలర్ గేజ్ (సందు కొలిచే సాధనం) రేకు కాస్త పట్టుతో జారాలి, అంతే.

చిరాకు పెట్టేది క్లచ్ ఒక్కటే. అది మార్చాలంటే ఇంజిన్ బయటికి తీయాల్సిందే. పెడల్ తొక్కినప్పుడు క్లచ్‌ని నొక్కే దాని రిలీజ్ బేరింగ్ బాల్ బేరింగ్ కాదు, కార్బన్ దిమ్మ, కాబట్టి సిగ్నల్ దగ్గర క్లచ్ తొక్కి పెట్టుకుని కూర్చునే అలవాటున్నవాళ్లు న్యూట్రల్‌లో పెట్టడం నేర్చుకోవాలి. ఇంజిన్ దించడానికి హాయిస్ట్ (బరువెత్తే క్రేన్) అద్దెకి తెచ్చుకోండి, కొనక్కర్లేదు. పానాల సంగతి కూడా చెప్పాలి. మన ఇళ్లలో ఉండే మిల్లీమీటర్ సెట్టు దీనికి పనికిరాదు, అంగుళాల సెట్టు కావాలి, 7/16, 1/2, 9/16 ఎప్పుడూ చేతిలో ఉంటాయి. 13 మిల్లీమీటర్ల పానా 1/2 అంగుళం నట్టుకి సరిపోయినట్టే అనిపిస్తుంది, తుప్పు పట్టిన నట్టు మీద దాంతో బలం పెడితే మూలలు అరిగి గుండ్రంగా అయిపోతుంది, ఆ తర్వాత దాన్ని తీయడానికి ఒక పూట పడుతుంది.

గాలినీ పెట్రోల్‌నీ కలిపి ఇంజిన్‌కి ఇచ్చే కార్బురేటర్లు నా కారులో రెండు, ఎస్‌యూ హెచ్ఎస్4 రకం. వీటిని చూసి భయపడేవాళ్లు ఎక్కువ, నిజానికి ఇంత నిజాయితీగా తన జబ్బు తానే చెప్పే కార్బురేటర్ ఇంకోటి లేదు. లోపల ఒక పిస్టన్ ఉంటుంది, ఇంజిన్ ఎంత గాలి పీలిస్తే అది అంత పైకి లేస్తుంది, దాని కిందున్న సూది జెట్‌లోంచి అంతే పైకొచ్చి దానికి తగ్గ పెట్రోల్ వదులుతుంది. పిస్టన్‌ని వేలితో ఎత్తి వదిలితే టక్‌మని కింద పడాలి, పట్టేసినట్టు మెల్లగా దిగితే లోపల మురికి. విప్పి శుభ్రం చేసేటప్పుడు ఒక్క జాగ్రత్త: ఏ పిస్టన్ ఏ మూత గిన్నెలోదో కలిపేయకండి, ఫ్యాక్టరీలో జతలుగా సరిచూసి పెట్టినవి అవి. మిక్చర్ చూడ్డానికి పక్కనే చిన్న పిన్ను ఉంటుంది. ఇంజిన్ వేడిగా ఆగి తిరుగుతున్నప్పుడు దాంతో పిస్టన్‌ని ఒక మిల్లీమీటర్ కన్నా తక్కువ ఎత్తండి. ఇంజిన్ వేగం పెరిగి అలాగే ఉండిపోతే పెట్రోల్ ఎక్కువ, వెంటనే పడిపోయి ఆగబోతే పెట్రోల్ తక్కువ, ఒక్క క్షణం కొంచెం పెరిగి మళ్లీ మామూలు అయితే సరిగ్గా ఉంది. కింద జెట్ నట్టుని కొంచెం కొంచెంగా తిప్పుతూ రెండింటినీ అలా సర్దుకోవాలి. రెండూ సమానంగా గాలి పీలుస్తున్నాయో లేదో చూడ్డానికి ఒక రబ్బరు గొట్టం చెవి దగ్గర పెట్టుకుని రెండో కొసని ఒక్కో కార్బురేటర్ మూతి దగ్గర పెట్టి వింటే చాలు, బుస్సుమనే శబ్దం రెండింట్లో ఒకేలా ఉండాలి.

ఇంత చేసినా ఇంజిన్ కుదురుగా తిరగకపోతే థ్రాటిల్ స్పిండిల్ (యాక్సిలరేటర్ తొక్కితే కార్బురేటర్‌లో తిరిగే కడ్డీ) అరిగిందేమో చూడండి. పట్టుకుని పైకీ కిందికీ కదిపితే లూజు తెలుస్తుంది, అక్కడ దొంగగాలి పోతుంటే ఎన్ని రోజులు సర్దినా కుదరదు. ఈ స్పిండిల్స్, జెట్లు, సూదులు ఇప్పటికీ సాల్స్‌బరీలోని బర్లెన్ వాళ్లు అసలు ఎస్‌యూ పేరుతోనే తయారుచేస్తున్నారు. అక్కడ తక్కువ ధర నకలు కోసం చూడకండి. ఇంకొకటి, బ్రిటన్‌లో 2021 సెప్టెంబర్ నుంచి మామూలు పెట్రోల్ అంటే ఈ10, పది శాతం దాకా ఇథనాల్. పాత రబ్బరు గొట్టాలు దానికి ఉబ్బి పగిలిపోతాయి. గొట్టాలన్నీ ఇథనాల్ తట్టుకునేవి వేసుకోండి, పెట్రోల్ సూపర్ రకం ఈ5 పోయండి. పొగ పోయే వేడి మానిఫోల్డ్ పక్కనే కార్బురేటర్లు ఉన్న కారు ఇది, పెట్రోల్ కారితే మంటలే, ఈ పని రేపటికి వాయిదా వేయొద్దు.

వైరింగ్ మీద జోకులు బోలెడు వింటారు, నమ్మకండి. ఈ కారు కరెంటు కష్టాల్లో చాలావరకు ఎర్త్ సరిగా లేకపోవడం, కనెక్టర్లలో చిలుము పట్టడం. ఒక్కో జాయింటూ విప్పి, గరుకు కాగితంతో రుద్ది, మళ్లీ బిగిస్తే సగం కారు బతుకుతుంది. వైర్ల రంగుల పద్ధతి తెలిస్తే వైరింగ్ బొమ్మ చూడకుండానే వెతుక్కోవచ్చు: గోధుమ రంగు ఎప్పుడూ కరెంటు ఉండేది, తెలుపు తాళం తిప్పాక వచ్చేది, ఆకుపచ్చ అదే కరెంటు ఫ్యూజు దాటాక, నలుపు ఎర్త్, నీలం హెడ్‌లైట్లు, ఎరుపు చిన్న లైట్లు. 1967 దాకా వచ్చిన కార్లకి పాజిటివ్ ఎర్త్, అది మన అలవాటుకి తలకిందులు, బ్యాటరీ తగిలించేముందు తప్పకుండా చూసుకోవాలి. పెట్రోల్ పంపు వెనక ఉంటుంది, తాళం తిప్పగానే టిక్ టిక్ మని కొట్టుకుని, కార్బురేటర్ల పక్కనున్న పెట్రోల్ గిన్నెలు నిండాక ఆగిపోతుంది. ఆగకుండా కొట్టుకుంటూనే ఉందంటే ట్యాంకు ఖాళీ, లేదా ఎక్కడో కారుతోంది.

విడిభాగాల నాణ్యతకి ఆరు మార్కులే ఎందుకిచ్చానో ఇప్పుడు చెప్తాను. స్క్రూ దగ్గర్నుంచి సీటు తోలు దాకా ఆన్‌లైన్‌లో దొరకని వస్తువు లేదు, రేపటికల్లా ఇంటికొస్తుంది, ధర కూడా అందుబాటులోనే ఉంటుంది. కానీ స్పార్క్ ప్లగ్గులకి కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్‌లో వేసే కండెన్సర్, రోటర్ ఆర్మ్, సస్పెన్షన్ రబ్బరు బుష్షులు, ఈ మూడింట్లో నాసిరకం సరుకు విపరీతంగా ఉంది. నేను ఒక దుకాణంలో కొన్న కొత్త కండెన్సర్ ఇంజిన్ వేడెక్కగానే చచ్చిపోయింది, అదీ రద్దీగా ఉన్న రౌండబౌట్ మధ్యలో. వెనక హారన్లు, పక్క సీట్లో మా ఆవిడ టెన్షన్, నాకు చెమటలు. డిక్కీలో పడేసి ఉంచిన పాత కండెన్సర్ వేస్తే మొదటి సెల్ఫ్‌కే స్టార్టయింది, ఇప్పటికీ అదే నడుస్తోంది. వాపసు అడిగితే కరెంటు సామాన్లకి గ్యారంటీ ఉండదన్నారు. అందుకే నా మాట ఇది: పనిచేస్తున్న పాత పార్టుని పాతదన్న ఒక్క కారణంతో మార్చకండి. శుభ్రం చేయండి, గ్రీజు పెట్టండి, మళ్లీ బిగించండి. కొత్తది వేసినా పాతదాన్ని పారేయకండి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఉత్సాహంలో కారులో ఉన్నదంతా కొత్తది చేసేయాలని పెద్ద ఆర్డరు పెడతారు, ఆ తర్వాత ఏది పాడైందో తెలియక తల పట్టుకుంటారు. ఒకసారికి ఒక్కటి మార్చి, ఒక వారం నడిపి చూసి, తర్వాతదానికి వెళ్లండి.

సస్పెన్షన్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. ముందు చక్రాలు పక్కకి తిరిగే ఇరుసుల్లాంటి కింగ్‌పిన్‌లకి ఒక్కో వైపు మూడు గ్రీజు నిపుల్స్ ఉంటాయి, 3,000 మైళ్లకోసారి గ్రీజు గన్‌తో కొడితే ఏళ్ల తరబడి ఉంటాయి, కొట్టకపోతే పట్టేసి స్టీరింగ్ రాయిలా అవుతుంది. తీగల చక్రాలున్న కారైతే హబ్ పళ్లు అరిగాయేమో చూడండి.

బ్రిటన్‌లో ఉన్నవాళ్లకి ఇంకో లాభం. 40 ఏళ్లు దాటిన కారుకి రోడ్ ట్యాక్స్ కట్టక్కర్లేదు, పెద్ద మార్పులేవీ చేయకపోతే కారు రోడ్డెక్కడానికి పనికొస్తుందో లేదో ఏటా చూసే ఎంఓటీ పరీక్ష కూడా తప్పనిసరి కాదు. అయినా నేను ప్రతి ఏడాదీ చేయిస్తాను. మనకి ఇంట్లో ర్యాంప్ ఉండదు, బ్రేకు పైపుల్ని, సిల్స్ అడుగుని ఇంకొకరి కళ్లు చూసిపెట్టడానికి అంత తక్కువ ఖర్చులో వేరే మార్గం లేదు.

చివరిగా, ఏ ఏడాదిది కొనాలి అన్నది. క్రోమ్ బంపర్లున్నవి 1974 దాకా, ఆ తర్వాత అమెరికా నిబంధనల కోసం నల్ల రబ్బరు బంపర్లు పెట్టి కారుని కాస్త ఎత్తు చేశారు, దాంతో మలుపుల్లో పట్టు తగ్గింది, ఆ తర్వాత కొన్నేళ్లకి మలుపుల్లో కారు ఒరగకుండా ఆపే యాంటీ రోల్ బార్లు మార్చి కొంత సరిచేశారు. అందం కోసం అందరూ క్రోమ్ బంపర్ల వెంట పడతారు కాబట్టి ధర కూడా వాటికే ఎక్కువ. నా సలహా వేరు. మెరిసే క్రోమ్, మెత్తటి సిల్స్ ఉన్న కారు ఒకవైపు, రబ్బరు బంపర్లు, గట్టి సిల్స్ ఉన్న కారు ఇంకోవైపు ఉంటే, కళ్లు మూసుకుని రెండోదే కొనండి. బంపర్లు మీ గ్యారేజీలో మీరే మార్చుకోగలరు, దానికి కావాల్సిన కిట్లు కూడా దొరుకుతాయి. చూడ్డానికి వెళ్లేటప్పుడు అయస్కాంతం, టార్చి, జాకీ, మోకాళ్ల కింద వేసుకోవడానికి పాత చాప ఒకటి కార్లో పెట్టుకోండి, వాన పడుతుంటే ఇంకో రోజు వెళ్లండి. తడిసిన కారు మీద పుట్టీ, పెయింట్ లోపాలు కనబడవు.